సాయిదుర్గ బెంచీ కింద నీళ్లు

ముమ్మిడివరంలోని ఆ ప్రైవేటు బడిలో ఉదయం ప్రార్థన కాగానే ఆయా రాజేశ్వరమ్మ బకెట్టూ తడిగుడ్డా తెచ్చుకుని నాలుగో తరగతి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. అందులో చదివే సాయిదుర్గని ఎవరైనా ఏదైనా చెయ్యమంటే చాలు, ఆ పిల్ల బెంచీ కింద నీళ్లు ఊరతాయి. "పుస్తకం తియ్యి" అంటే పాదాలు తడుస్తాయి. "తీస్తావా లేదా" అంటే చీలమండ దాకా వస్తాయి, ఒక్కోసారి చేపపిల్లలతో సహా. కాలవ పక్క ఊళ్లో నీళ్లు ఊరితే వింతేముంది? రాజేశ్వరమ్మ తుడిచేస్తుంది.

నీళ్లని ఎవరూ అనుమానించలేదు. అనుమానమంతా పిల్ల మీదే.

"నటనండీ," అనేవారు హెడ్మాస్టారు బుచ్చిరాజు గారు. "ఇంటర్వెల్లో చక్కగా బొమ్మలేస్తుంది. అదే బొమ్మ నేను వెయ్యమంటే పెన్సిలు పడేస్తుంది. చేతకాక కాదండీ, పొగరు."

సాయిదుర్గ తల్లి సత్యవతి కాకినాడ డాక్టరు కాగితం తెచ్చి చూపించింది. పిల్లకి ఆటిజం అనీ, ఎవరైనా చెయ్యమంటే లోపల భయం పుడుతుందనీ, ఇష్టమైన పనైనా అప్పుడు చెయ్యలేదనీ అందులో ఉంది. బుచ్చిరాజు గారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. ఊళ్లో రెండు బడులు ఆ పిల్లని అప్పటికే పంపించేశాయి. ఇదీ పోతే ఇక ఇంట్లో కూర్చోవడమే.

ఆయన చెడ్డవారేం కాదు. కోనసీమలో పుట్టినవారు, అరిచినా కాని పని "అండీ" అంటే అవుతుందని నమ్మకం. ఒకరోజు పిల్ల పక్కనే చతికిలబడి, "సాయిదుర్గ గారూ, తమరొక్క లెక్క చేసిపెడితే మేం చాలా సంతోషిస్తామండీ," అన్నారు. నీళ్లు ఆయన నడుం దాకా వచ్చేశాయి. తేనె పూసినా ఆజ్ఞ ఆజ్ఞేనని ఆ వయసులో ఆయనకి చెప్పేదెవరు? పిల్లలందరి ముందూ ప్యాంటు తడిసిందన్న ఉక్రోషం మాత్రం మిగిలింది.

కొత్తగా చేరిన జెస్సీ టీచరు ఆ పిల్లకి ఏమీ చెప్పేది కాదు. పక్కన కూర్చుని తన నోటుబుక్కులో తనే భాగహారం చేసుకుంటూ, "ఇక్కడెక్కడో తప్పొచ్చినట్టుందే," అని గొణుక్కునేది. కాసేపటికి సాయిదుర్గ ఒంగి చూసి, పెన్సిలు లాక్కుని దిద్దేది. నేల పొడిగా ఉండేది.

బుచ్చిరాజు గారికి ఆ పొడి నేల మీద కూడా అనుమానమే. మూడు రోజులు కిటికీ పక్కన నక్కి చూశారు. లెక్కలు టీచరే చేసి పిల్ల పేరు చెబుతోందని తేల్చేసుకున్నారు. సత్యవతిని పిలిపించి టీసీ కాగితం ముందు పెట్టారు.

సత్యవతి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఎవరేం చెప్పినా "ఆయ్" అని తలూపడం తప్ప ఆవిడ నోట ఇంకో మాట ఎవరూ ఎరగరు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా."

"ఆయ్," అని ఆవిడ పెన్ను అందుకుంది.

బుచ్చిరాజు గారి చెప్పులు తడిశాయి. పిల్ల వచ్చిందేమోనని తలుపు వైపు చూశారు. గదిలో ఉన్నది ఇద్దరే. నీళ్లు సత్యవతి కుర్చీ కింద నుంచి వస్తున్నాయి.

"మీరూ మొదలెట్టేరా?"

"నాకు చిన్నప్పట్నుంచీ వస్తాయండి," అంది సత్యవతి తలొంచుకుని. "మా షెడ్డులో నేలెప్పుడూ తడేనండి. ఎవరూ కనిపెట్టలేదు. భయపడుతూనే అన్నీ చేసేసేదాన్ని. నా కూతురు చెయ్యలేనని చెబుతోందండి. నేను ఏనాడూ చెప్పలేకపోయేను."

పెన్ను బల్ల మీద పెట్టేసింది. "సంతకం పెట్టలేనండి."

ఇంతకాలం ఆయ్ తప్ప అనని మనిషిని నటిస్తోందని ఎలా అంటారు? ఆయనకి సిగ్గేసింది. ఏదో అనబోయారు. కూర్చోండి, వెళ్లండి, తీసుకెళ్లండి, నోటికొచ్చిందల్లా ఆజ్ఞే. మింగేశారు. గోడ వైపు తిరిగి, దానికి చెబుతున్నట్టు, "రేపట్నుంచి పిల్ల ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో నాకైతే తెలీడం లేదు," అన్నారు.

నీళ్లు మెల్లగా తగ్గాయి.

"జెస్సీ టీచరు పక్కనండి," అంది సత్యవతి.