కట్టనన్న కాలు

మడమ కింద మొదలైన తెల్లటి టేపు చీలమండ చుట్టూ తిరిగి, పాదం మీదుగా ఏటవాలుగా వెళ్లి, మళ్లీ మడమ దగ్గరికే వచ్చి ఆగింది. ఆర్విల్ టేట్ దాన్ని వేళ్లతోనే పుటుక్కున తెంపాడు. అరచేత్తో చుట్టూ ఓసారి నిమిరి, ఎక్కడా ముడత లేదని తేల్చుకున్నాక ఆ పాదాన్ని బల్ల మీంచి కిందికి తోశాడు.

"దిగు. నీ వెనకోడు నిలబడి ఉన్నాడు."

"మెల్లగా బాబాయ్. ఇది కాలు, పిండి మూట కాదు" అన్నాడు ఆ కాలు గలవాడు. దాదాపు ఏడడుగుల మనిషి.

"కాలైతే దానంతటదే దిగేది."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆదివారం ఉదయం. సాయంత్రం ఆట. గెలిస్తే సెయింట్ లూయిస్ రివర్‌మెన్ బాస్కెట్‌బాల్ జట్టు తర్వాతి దశకు వెళ్తుంది, ఓడితే అందరూ మూటలు సర్దుకోవడమే. ఇలాంటి రోజున ఆటగాళ్లు అవసరానికి మించి నవ్వుతారని ఆర్విల్‌కు తెలుసు. అతను మాత్రం తల ఎత్తకుండా తర్వాతి కాలు అందుకున్నాడు.

అరవై దాటిన మనిషి. పొట్టిగా ఉంటాడు. ఏళ్ల తరబడి బల్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకు పడిపోయాయి. కుడి బొటనవేలి కణుపు వాచి అలాగే గట్టిపడిపోయింది. టేపు జిగురు పట్టి వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా ఉంటాయి, ఎంత తోమినా పోదు. నొప్పుల తైలం వాసన అతని చొక్కాలకే కాదు, ఇంట్లో దిండుకు కూడా పట్టిందని భార్య వెర్నెల్ సణుగుతుంది. ఎదురొచ్చిన మనిషిని అతను ముందు మోకాళ్ల కిందే చూస్తాడు, మొహం చూసేది ఆ తర్వాత. జట్టు ఫోటోల్లో ఎప్పుడూ ఆ చివరే ఉంటాడు, సగం మొహం ఎవరి భుజం చాటునో. వేలమంది ప్రేక్షకుల్లో అతని పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఊరికి ఉత్తరాన ఉన్న పేటలో పుట్టాడు. తల్లి ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది. పద్దెనిమిదేళ్లప్పుడు కాలేజీ వ్యాయామశాలలో నేల తుడిచే పనికి కుదిరాడు. అక్కడి ముసలి ట్రైనర్‌కు చేతులు వణకడం మొదలయ్యాక కట్లు కట్టే పని మెల్లగా ఇతని చేతికొచ్చింది. రాత్రి బడికి వెళ్లి పరీక్ష పాసయ్యాడు. ఈ జట్టులో చేరిన కొత్తలో అప్పటి కోచ్, "బెంచీ మీద చోటు లేదు, వెనక ఎక్కడైనా కూర్చో" అన్నాడు. మర్నాడు ఆర్విల్ ఇంటి నుంచి మడత కుర్చీ తెచ్చుకుని బెంచీ పక్కనే వేసుకుని కూర్చున్నాడు. లేవమన్నారు. లేవలేదు. మూడో ఆటకల్లా చెప్పి చెప్పి వాళ్లకే విసుగొచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

ఆ శీతాకాలమంతా జట్టులో ఒకరి తర్వాత ఒకరు కూలారు. ఒకడి మోకాలు, ఒకడి తొడ, ఒకడి వెన్ను. తప్పంతా వైద్య సిబ్బందిదేనని పత్రికలు రాశాయి. అంతకు ముందు ఏడాది ఒక్కడూ కూలలేదు. అప్పుడు వైద్య సిబ్బంది అన్న మాటే ఎవరూ రాయలేదు. నిజానికి ఎంతవరకు తమ చేతుల్లో ఉందో ఆర్విల్‌కే తెలియదు. కొన్ని కాళ్లు ఎంత కట్టినా విరుగుతాయి, కొన్ని ఏం చేసినా విరగవు. ఆ రెండింటికీ మధ్య ఉన్న కాళ్ల కోసమే తన ఉద్యోగం అనుకునేవాడు. అవి ఎన్నో లెక్క చెప్పమంటే చెప్పలేడు. జరిగిన గాయానికి వెయ్యిమంది సాక్షులు. జరగని గాయానికి ఒక్కడూ ఉండడు.

అందరి తర్వాత మార్లో డప్రీ వచ్చాడు. జట్టుకు అతనే ప్రాణం. ఇరవై నాలుగేళ్లవాడు, మిసిసిపీ పత్తి చేల వైపు నుంచి వచ్చినవాడు. మనిషికి తగ్గట్టే పిక్కలూ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. రెండేళ్లలో రెండుసార్లు గాయపడ్డాడు. రేడియోలో పొద్దున్నే వాగే ఒకాయన అతనికి గాజు కాళ్ల డప్రీ అని పేరు పెట్టాడు. ఊరంతా పట్టుకుంది.

మార్లో బోర్లా పడుకున్నాడు. ఆర్విల్ ఎడమ పిక్క మీద బొటనవేలు ఆనించి మెల్లగా కిందికి దింపాడు. మడమకు జానెడు పైన కండ బిగిసి ముడి కట్టింది. అక్కడ నొక్కగానే మార్లో వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి.

"నొప్పా?"

"లేదు."

"మరి బల్లను ఎందుకు పీకుతున్నావ్? అది ఇంటికి తీసుకెళ్లాలా?"

మార్లో నవ్వలేదు. "బాబాయ్, మా అమ్మ బస్సెక్కి వచ్చింది. గట్టిగా కట్టు. అంతే."

అప్పటికే కోచ్ గస్ హాలరన్, డాక్టర్ రెనాటా వైస్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. హాలరన్ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కడుపు మంటకు వేసుకునే మాత్రను నములుతున్నాడు. ఈ ఆట పోతే అతని ఉద్యోగమూ పోతుందని జట్టులో అందరికీ తెలుసు.

"డాక్టరమ్మా, మీరేమంటారు?" అని అడిగాడు ఆర్విల్.

డాక్టర్ వైస్ మాటలు నానబెట్టే మనిషి కాదు. "పిక్కలో చిన్న చీలిక ఉంది, స్కానింగులో కనబడింది. ఇవాళ ఆడితే ఏమీ కాకపోవచ్చు. మడమ వెనక నరం పుటుక్కున తెగనూ వచ్చు. తెగితే ఏడాది పోతుంది, ఆ తర్వాత మునుపటిలా ఎగరగలడో లేదో. ఇతనికీ చెప్పాను, కోచ్‌కీ చెప్పాను. ఆడొద్దనే నా సలహా."

"సలహా విన్నాం" అన్నాడు హాలరన్. "ఆడతానని కుర్రాడే అంటున్నాడు. కట్టు, ఆర్విల్."

ఆర్విల్ చేతిలో ఉన్న టేపు చుట్టను బల్ల మీద పెట్టాడు.

"నేను కట్టను."

మార్లో మోచేతుల మీద పైకి లేచి వెనక్కి చూశాడు.

"నీ పనే అది కదయ్యా!" అన్నాడు హాలరన్.

"ఆడగలిగే కాలికి కట్టడం నా పని. ఇది ఆడగలిగే కాలు కాదు. నేను కడితే బాగుందని నేను చెప్పినట్టు. బాగాలేదు."

"నిన్ను చెప్పమని ఎవరడిగారు? బ్రెంట్ కడతాడు." బ్రెంట్ సోరెన్‌సన్ రెండో ట్రైనర్, ముప్పై ఐదేళ్లవాడు. మూలన మంచు సంచులు సర్దుతున్న అతను తల దించుకున్నాడు. "రేపట్నుంచి నువ్వు ఇంట్లో కూర్చో, ఆర్విల్."

"రేపటి సంగతి రేపు. ఇవాళ మిగతావాళ్ల కాళ్లున్నాయి" అని ఆర్విల్ నేల మీది టేపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"నువ్వు కూడానా బాబాయ్?" అన్నాడు మార్లో బల్ల దిగుతూ. "గాజు కాళ్లని నువ్వు కూడా తేల్చేశావా?"

ఆర్విల్ ఏరిన టేపు ముక్కలను చెత్తబుట్టలో వేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి వెర్నెల్ చర్చి నుంచి వచ్చి, నెత్తి మీది టోపీ కూడా తియ్యకుండా పెరట్లో నిప్పుల మీద పంది మాంసం ముక్కలు తిప్పుతోంది. బడి వంటశాలలో జన్మంతా నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. అతను రోజూ రాత్రి తైలం రాస్తాడు. జట్టు కాళ్ల తర్వాత మిగిలిన ఓపిక నా కాళ్లకని ఎత్తిపొడుస్తుంది, కాళ్లు చాపుతుంది.

జరిగింది చెప్పాడు. ఆమె విన్నది, ముక్కలు తిప్పింది.

"నువ్వు కట్టకపోతే ఆడకుండా ఉంటాడా?"

"ఆడతాడు. బ్రెంట్ కడతాడు."

"మరి నువ్వు చేసిందేంటి?"

"నా చేత్తో కట్టలేదు."

"బాగుంది. నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి." వెర్నెల్ పళ్లెం అతని ముందు పెట్టింది. "ఆ పిల్లాడి కాలు సంగతేంటి?"

మాంసం మెత్తగా ఉడికింది. అతను పళ్లెం పక్కకు జరిపాడు. ఇన్నేళ్లలో తాను కాదన్న ప్రతిసారీ దాన్ని గెలుపుగానే లెక్క వేసుకున్నాడు. కాదని పక్కకు తప్పుకోవడం వేరు, కాదని అడ్డం నిలబడడం వేరు. ఆ తేడా ఇన్నాళ్లూ తనకు ఎవరూ చెప్పలేదు. చెబితే విని ఉండేవాడూ కాదు.

"ఉద్యోగం పోతుందే" అన్నాడు.

"పొద్దున్నే పోయిందిగా. ఇంకోసారి ఎలా పోతుంది?" అంది వెర్నెల్.

సాయంత్రం మార్లో బ్రెంట్ కట్టిన కట్టుతో బరిలోకి దిగాడు. కాలు నిలబడింది. నిలబడటమేమిటి, మొదటి సగమంతా అతను గాల్లోనే ఉన్నాడు. బంతి అతని చేతికి వచ్చినప్పుడల్లా జనం లేచి నిలబడ్డారు. గాజు కాళ్లని వెక్కిరించిన గొంతులే ఇప్పుడు అతని పేరు పెట్టి అరుస్తున్నాయి. హాలరన్ ఒకసారి వెనక్కి తిరిగి ఆర్విల్ వంక చూశాడు. చూశావా అన్నట్టుంది ఆ చూపు.

ఆర్విల్ బంతిని చూడటం లేదు. మార్లో ఎగిరినప్పుడు ఏ కాలి మీద దిగుతున్నాడో చూస్తున్నాడు. ప్రతిసారీ కుడి మీదే. పరుగు ఆపాల్సి వస్తే ఎడమ మడమ నేలకు తాకకుండా మునివేళ్ల మీద ఆగుతున్నాడు.

విరామానికి అందరూ లోపలికి వచ్చారు. హాలరన్ పక్క గదిలో బోర్డు ముందు నిలబడి గీతలు గీస్తున్నాడు. మార్లో ఒక్కడూ వచ్చి బల్ల మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. ఆర్విల్ అతని దగ్గరికి వెళ్లాడు.

"గాజు కాలని అన్లేదు నేను" అన్నాడు. "చూడనిస్తావా?"

మార్లో కాలు చాపాడు. పొద్దుటి ముడి ఇప్పుడు రాయిలా ఉంది.

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"మార్లో."

కుర్రాడు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మడమ తెలీట్లేదు బాబాయ్. నాది కానట్టుంది. వేరేవాళ్ల కాలు మీద పరిగెడుతున్నట్టుంది."

"అయితే చాలని చెప్పు."

"నేను చెబితే పిరికోడంటారు. బతికినన్నాళ్లూ అంటారు. మా అమ్మ వింటుంది."

"నువ్వు చెప్పొద్దు. నన్ను చెప్పనీ. తిట్టేదేదో నన్నే తిడతారు."

మార్లో తల ఊపలేదు, కాదనలేదు. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆర్విల్ జేబులోంచి కత్తెర తీసి, మొద్దు కొసను కట్టు కిందికి దూర్చి, పిక్క దగ్గర్నుంచి మడమ దాకా ఒక్క గీతలో చీల్చేశాడు.

ఆ చప్పుడుకు హాలరన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావ్ ముసలోడా! బ్రెంట్, మళ్లీ కట్టు! తొందరగా!"

ఆర్విల్ బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. కోచ్ గడ్డం దాకా వస్తాడంతే.

"కట్టనివ్వను."

"జరుగు!"

"జరపండి."

బ్రెంట్ టేపు చుట్ట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అడుగు ముందుకు వెయ్యలేదు. ఈలోగా డాక్టర్ వైస్ లోపలికి వచ్చింది. ఎవరినీ ఏమీ అడక్కుండా ఆర్విల్ పక్క నుంచి చెయ్యి చాపి పిక్కను పట్టి చూసింది.

"పొద్దున సలహా అన్నాను, గస్. ఇప్పుడు కాదు. ఇతను ఆడడు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పుకో."

"మీ ఇద్దరూ కలిసి నన్ను ముంచేశారు" అన్నాడు హాలరన్. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. వెళ్తూ వెళ్తూ ఆర్విల్ వైపు వేలు చూపించాడు. "ఆట అయ్యాక నీ మొహం నాకు కనబడకూడదు."

ఆట ఓడిపోయారు, ఒక్క బుట్ట తేడాతో. చివరి క్షణంలో వేసిన బంతి ఇనుప చట్రం మీద గిర్రున తిరిగి బయటికే దొర్లింది. మొదటి సగంలో లేచి నిలబడిన జనమే ఇప్పుడు లేచి ఛీ కొట్టారు.

ఆర్విల్ ఎప్పటిలాగే తన బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరి కట్లూ విప్పాడు. ఏడడుగుల మనిషి దిగి వెళ్తూ పెద్ద చెయ్యి అతని భుజం మీద వేసి తీశాడు. యాజమాన్యం మనిషొకడు వచ్చి మెడలో వేసుకునే గుర్తింపు కార్డు అడిగాడు. ఇచ్చేశాడు.

మార్లో తల్లి వచ్చి బయట నిలబడింది. అయినా అతను స్నానం చేసి, మామూలు బట్టల్లో కుంటుకుంటూ ముందు ఇటే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిలిచేదేమో నా కాలు."

"నిలిచేదేమో."

"గెలిచేవాళ్లమేమో."

"అదీ కావొచ్చు."

"మరి నీకు ఏమీ అనిపించట్లేదా?"

"అనిపిస్తోంది" అన్నాడు ఆర్విల్. "ఏం జరిగేదో నాకు తెలీదు, నీకు తెలీదు, దేవుడు మనకి చెప్పడు. నీ అంతట నువ్వు నడిచి మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నావు. నాకు తెలిసింది అదొక్కటే. ఇప్పుడు చేతిలో కత్తెర పెట్టి ఇంకోసారి అడిగినా కోసేస్తా."

మార్లో చెయ్యి చాపాడు. ఆర్విల్ ఆ చేతిని పట్టుకుని వదిలేశాడు. కుర్రాడు వెళ్తుంటే, ఎడమ మడమ నేలకు తాకడం మాత్రం చూశాడు.

కోటు తొడుక్కుంటుంటే బ్రెంట్ దగ్గరికొచ్చాడు. "వెనక గుమ్మం తీయిస్తా. ముందంతా జనం ఉన్నారు. రేడియోలో నీ పేరు చెప్పేశారు."

"నా పేరా? సరిగ్గా పలికారా?"

"టేట్ అనే చెప్పారు."

"అయితే ముందు నుంచే వెళ్తా."

బయట ఇంకా వెలుతురుంది. నది మీంచి చల్లటి గాలి వస్తోంది. జనం గుంపులు గుంపులుగా మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎవడో గుర్తుపట్టాడు. "అడుగో! డప్రీ కాలు కోసినోడు!"

ఆర్విల్ ఆగాడు, వాడి కాళ్లు చూశాడు, తర్వాత మొహం చూశాడు.

"కాలు కాదు బాబూ, కట్టు కోశా. అందుకే కాలుంది."

గుంపు కాస్త జరిగి దారి ఇచ్చింది. అతను మెట్లు దిగి, వెనక్కి చూడకుండా, వెర్నెల్ కారు ఆపుకుని కూర్చున్న వైపు నడిచాడు. ఆ గుమ్మంలోకి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

లోపల దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. నేల ఊడ్చిన మనిషి బల్ల మీద ఉన్నదాన్ని ఏమనుకున్నాడో, ముట్టుకోలేదు. నిలువునా చీల్చిన తెల్లటి కట్టు, లోపల కాలు లేకపోయినా మడమ వంపు మడమలా, పిక్క వంపు పిక్కలా, నడవడానికి సిద్ధంగా ఉన్నట్టు నిటారుగా నిలబడి ఉంది.