మాటలు రాని బిడ్డ తల్లి

బియ్యం చెరుగుతున్న రోజా వెనక నిలబడి అత్త రాధమ్మ అన్నది: "పక్కింటి పోరి నీ బిడ్డకంటె మూడు నెలలు చిన్నది. అప్పుడే పాటలు పాడవట్టె. నువ్వేం తల్లివే?"

రోజా చేట ఆపలేదు. రెండున్నరేండ్ల వర్ష గడపలో కూర్చుని డబ్బా మూత తీస్తోంది, పెడుతోంది. అమ్మా అని కూడా రాదు ఆ పిల్లకు. కావలసింది వేలితో చూపిస్తుంది, ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతుంది. తప్పెక్కడుందో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. కడుపుతో ఉండి కూడా రోజా మామిడితోట పనికి పోయింది, అందుకని. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ చేతికిచ్చింది, అందుకని. మొగుడు ప్రేమ్ కుమార్ కొల్లాపూర్‌లో ఆటో నడుపుతాడు. దినమంతా ఎక్కినవాళ్లతో, దిగినవాళ్లతో మాట్లాడి ఇంటికొచ్చి, "పొద్దంత ఇంట్లనే ఉంటవ్ గద, బిడ్డకు నాలుగు మాటలు నేర్పనీకె చాతగాదా?" అంటాడు. ఇంట్లోనే! నీళ్లు, వంట, బట్టలు, మామకు వేళకు మందులు, కాపు రోజుల్లో తోటలో కాయలేరడం, ఇవన్నీ ఎవరు చేస్తున్నట్టు? అయినా లోలోపల రోజా వాళ్ల మాటే నమ్మింది. అంట్లు తోముతూ "గిన్నె, గిన్నె" అని గొంతు బొంగురుపోయేదాకా చెప్పేది. వర్ష ఆమె పెదవుల వంక చూసి నవ్వేది. ఒకరోజు ఆ నవ్వుకు ఒళ్లు మండి వీపు మీద కొట్టింది కూడా.

అంగన్‌వాడీలో టీచర్ జములమ్మ పిల్లల వెనక నిలబడి గరిటెతో పళ్లెం మీద గట్టిగా కొట్టి చూసింది. పిల్లలందరూ తిరిగారు. వర్ష తిరగలేదు.

"రోజమ్మా, బిడ్డను నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపో. చెవులు చూపియ్యి. ఇంక ఆల్చెం చెయ్యకు," అంది.

పరీక్షలు చేసిన డాక్టరమ్మ రెండు చెవులూ సరిగా వినబడటం లేదంది. చెవులకు సర్కారు ఉచితంగా ఇచ్చే మిషన్లు పెట్టి, బిడ్డను రోజూ మాట్లాడించడం తల్లి నేర్చుకుంటే మాటలు వస్తాయంది. మిషన్లు సరిపోయేలా చెవుల అచ్చు తీసుకుని, రెండు వారాలాగి మంగళవారం రమ్మంది. "ఇందులో మీ తప్పేం లేదమ్మా" అంది. రోజా అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. బిడ్డకు వినబడదని కాదు, తన తప్పు కాదని. ఆ సంగతి తనకే తెలిసొచ్చాక సిగ్గుతో చచ్చిపోయింది. బిడ్డను కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంట్లో చెప్తే రాధమ్మ ముందు తలుపు దగ్గరికి వేసింది. "మెల్లగ చెప్పు. ఎవ్వలన్న వింటరు."

ప్రేమ్ కుమార్ "మిషన్ గిషన్ ఏం వద్దు," అన్నాడు. "చెవికి అది కనబడ్డదంటె చెవిటిదని పేరు పడ్తది. రేపు పెండ్లెట్లయితది? మాటలు రాకుంటె ఏమైతది, ఆడపిల్లనే గద. నిమ్మలంగ పడుంటది."

రోజా బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఏడాదిగా ఏ మాటల కోసం తనను పొద్దుమాపూ పొడిచారో, ఆ మాటలు ఈ పిల్లకు అక్కర్లేదట. ఇన్నాళ్లూ ఈ ఇంటికి కావలసింది తప్పు మోసే ఒక మనిషి. ఆ మనిషి తను. అంతే.

ఆ మంగళవారం వంట చేసి మూతలు పెట్టి, ఎవరినీ అడగకుండా వర్షను చంకనేసుకుని బస్సెక్కింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ప్రేమ్ కుమార్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వర్ష చెవుల వెనక చిన్న మిషన్లు చూశాడు.

"నా మాటంటె లెక్కలేదా నీకు? ఎవ్వలనడిగి పోయినవే?" అని అరిచాడు.

వర్ష ఉలిక్కిపడింది. తల తిప్పి తండ్రి ముఖంలోకి చూసింది. కింది పెదవి వణికింది. తల్లి మెడను రెండు చేతులా పట్టేసుకుంది.

ప్రేమ్ కుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

రోజా బిడ్డ వీపు నిమిరి, "జర మెల్లగ మాట్లాడు," అంది. "ఇగ ఈ ఇంట్ల ఎవ్వలు నన్నేమన్నా, నా బిడ్డకు వినబడ్తది."