దరఖాస్తు కోసం ఒక మరణం

ముప్పై రెండేళ్లు కళాశాలలో ఇంగ్లిషు బోధించి పదవీ విరమణ చేసిన తరువాత, జూబ్లీహిల్స్‌లో విదేశీ చదువులకు సలహాలిచ్చే ఒక కార్యాలయంలో వ్యాసాలు దిద్దే పనికి కుదిరాను. తానెందుకు చదవదలచుకున్నదీ విశ్వవిద్యాలయానికి విద్యార్థి స్వయంగా చెప్పుకోవలసిన వ్యాసాలవి. మా కార్యాలయంలో వాటిని వరప్రసాద్ రాసేవాడు. ఫిల్మ్ నగర్‌లో పదేళ్లు సంభాషణలు రాసి, అవకాశాలు తగ్గి, ఇటు వచ్చినవాడు. విద్యార్థితో పావుగంట మాట్లాడి ‘కథకు లైన్ దొరికింది’ అనేవాడు. రాసినది విద్యార్థికి చూపించే ఆచారం లేదు. దరఖాస్తు పాస్‌వర్డ్ కూడా కార్యాలయం చేతిలోనే ఉండేది.

ఒక గురువారం హిమజ చేత వీసా ఇంటర్వ్యూ సాధన చేయించవలసి వచ్చింది. రహమత్ నగర్ అమ్మాయి. నీటి శుద్ధిపై పైచదువుకు సీటు వచ్చింది. ఇంటర్వ్యూ మర్నాడు ఉదయం. కుర్చీలో కుదురుగా కూర్చోలేక, ఫోన్ బోర్లించి మళ్లీ తీస్తూ ఉంది.

“మీ నాన్నగారు పోయి ఎన్నేళ్లయిందమ్మా?” అని అడిగాను.

“ఎవరు పోయిండ్రు మేడం? మా నాయిన కింద వ్యాన్ల కూసున్నడు.”

వ్యాసం ఆమె చేతికిచ్చాను. కలుషితమైన బోరునీటి వల్ల తండ్రి కన్నుమూసిన రోజున తాను ప్రతిజ్ఞ చేసినట్లు అందులో ఉంది. దానిని దిద్దినది నేనే. కామాలు సవరించాను, నిజమేనా అని ఎవరినీ అడగలేదు.

“కడుపునొప్పితోని వారం రోజులు దవాఖానల ఉన్నడని చెప్పిన. గంతే!” అన్నది హిమజ.

వరప్రసాద్‌ను పిలిపించాను. అతడు నొచ్చుకున్నాడు. “వారం హాస్పిటల్లో ఉండి ఇంటికొచ్చేస్తే సీనేముందండీ? సీటొచ్చింది కదా?”

“ఈ నెలలో ఎందరిని చంపారు?”

“నలుగురు ఫాదర్లనండీ. మదర్స్ జోలికి పోను, సెంటిమెంట్.”

చదువు ఖర్చు భరిస్తానని తండ్రి సంతకం చేసిన పత్రం వీసా ఫైలులో ఉందని యజమాని సాయిశ్రీనివాస్‌కు చెప్పాను. అతడు రెండు క్షణాలే ఆలోచించాడు. “సింపుల్ మేడం. ఆ పేపర్ తీసేసి వాళ్ల బాబాయి చేత సంతకం పెట్టిద్దాం. అడిగితే ఫాదర్ లేరని చెప్తుంది. ఒకసారి ప్రాక్టీస్ చేయించండి.”

అంతలో, ఆలస్యమవుతోందని హిమజ తండ్రి భిక్షం పైకి వచ్చాడు. సినిమా స్టూడియో వ్యాన్ నడిపే మనిషి. దాచకుండా సంగతి చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను, నవ్వాడు.

“గింతేనా అమ్మా? షూటింగ్‌ల పొద్దుగాల సచ్చినోడు లంచ్‌ల బిర్యానీ తింటడు. చెప్పు బిడ్డా, సచ్చిండని చెప్పు. నాకేమైతది?”

“నాయినా, నువ్వు జర ఊకో.”

“నీ ఎదురుంగనే ఉన్న గదా, ఫికరేంది?”

సాయిశ్రీనివాస్ వీసా అధికారిలా బిగుసుకుని, మీ తండ్రి ఏం చేస్తారని ఇంగ్లిషులో అడిగాడు. “మై ఫాదర్...” అని హిమజ ఆగిపోయింది. భిక్షం తల ఊపి ప్రోత్సహించాడు. “మై ఫాదర్...” అని మళ్లీ అన్నది. మూడోసారి లేచి నిలబడి, “మై ఫాదర్ డ్రైవ్స్ ఎ వ్యాన్,” అన్నది. “నాతోని కాదు సార్. యూనివర్సిటీకి నిజం రాసి పంపితే సీటు పోతదా మేడం?”

“పోవచ్చు,” అన్నాను. పోదని చెప్పడానికి నా దగ్గర ఆధారమేదీ లేదు.

“అదే యూనివర్సిటీకి మనవి ఇంకో ముప్పై అప్లికేషన్లు వెళ్లాయి మేడం, అవన్నీ అనుమానంలో పడతాయి!” అన్నాడు సాయిశ్రీనివాస్.

భిక్షం ఈసారి నవ్వలేదు. “రెండేండ్ల సంది గీ సీటుకే కదా తిరుగుతున్నవ్. నేనే అంటున్న, సచ్చిండని చెప్పుకో.”

“గక్కడికి పోయినంక నీకు ఫోన్ చేస్తుంటే, అక్కడోళ్లు ఎవరితోని మాట్లాడుతున్నవని అడిగితే ఏం చెప్పాలె నాయినా?”



హిమజ నా కంప్యూటర్ ముందు కూర్చుని సొంత మెయిల్ నుంచి విశ్వవిద్యాలయానికి రాసింది: వ్యాసం తాను రాయలేదనీ, తండ్రి బతికే ఉన్నాడనీ. దిద్దినవారిగా నా పేరు చేర్చమన్నాను. చేర్చి పంపింది. మర్నాటి ఇంటర్వ్యూ రద్దు చేసుకుంది. సాయిశ్రీనివాస్ నన్ను ఇక రావద్దన్నాడు.

తొమ్మిది రోజుల తరువాత ఆమె ఫోన్ చేసింది. సీటు రద్దయింది, వచ్చే ఏడాది కొత్త వ్యాసంతో దరఖాస్తు చేసుకోవచ్చునట.

“మీ నాన్నగారు ఏమంటున్నారు?”

“సీటు తన వల్లనే పోయిందని అన్నం సరిగ తింటలేడు మేడం. గీసారి నేనే రాస్త, మీరు దిద్దాలె. జర మీ ఇంటి అడ్రస్ చెప్పుండ్రి.”

చెప్పాను.