ముందు ఖాళీ పళ్ళెం

ఫోను మోగేసరికి కొత్త దంపతులిద్దరూ మిద్దె మీద తడి దుప్పటి పిండుతున్నారు. ఆమె కుడికి, అతను ఎడమకి, చెరో కొసా పట్టుకుని మెలితిప్పుతున్నారు. ఆమె ఒక చేత్తోనే పట్టు నిలిపి, రెండో చేత్తో ఫోను తీసి సందేశం చదివింది. "వచ్చేసింది!" అని కేకేసి కొస వదిలేసింది.

అవతల లాగుతున్నవాడు లాగుతున్నట్టే వెళ్ళి బకెట్లో కూలబడ్డాడు.

చప్పుడుకి అత్తగారు పైకొచ్చింది. కొడుకు బకెట్లో ఉన్నాడు. కోడలు ఆరేసిన బట్టల చాటున ఉంది.

"ఏమ్మా, వదిలేశావా?"

"మీరు చూడలేదుగా అత్తయ్యా!"

"చూడాలా ఏంటి? వీడు ఇటు పడ్డాడంటే అటు ఎవరో వదిలేసినట్టేగా."

కోడలు పరుగున వచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది. "నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే అత్తయ్యా!"

నిజంగా అదే. ఆమె బృందం పరిశీలించే ప్రయోగంలో, నేల అడుగున పెద్ద రింగులో ప్రోటాన్లనే సూక్ష్మ కణాలు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి. ముక్కలన్నీ ఒకవైపే ఎగిరాయంటే రెండో వైపు ఏదో కనపడకుండా జారుకున్నట్టే. న్యూట్రినోలనే పాత దొంగ కణాలు కూడా అలాగే జారుకుంటాయి. వాటిని లెక్కగట్టి తీసేశాక ఇంకా మిగిలితే, కొత్త కణమేదో పుట్టి, కంటికి ఆనని వాటిగా విడిపోయిందేమోనని ఆశ. అయితే పద్ధతి అంతా ఖరారయ్యేదాకా అసలు డేటాకి తాళం. ముందే చూస్తే మనసు తనకి కావలసిందే కనిపెడుతుంది. రేపు ఉదయం తొమ్మిదింటికి ఆ తాళం తీయడానికి, పద్ధతిని తనిఖీ చేసే కమిటీ ఒప్పుకున్న కబురే ఇప్పుడొచ్చింది.

"మొహం చూడకుండా పెళ్ళి చేసుకున్నట్టుంది మీ పని," అంది అత్తగారు.

"చూసి చేసుకున్నవాడికేం ఒరిగింది?" అన్నాడు కొడుకు బకెట్లోంచి.

"ముందు నువ్వు లే!" అని కోడలు నాలిక కరుచుకుంది. పెళ్ళయిన రెండు నెలల్లో అత్తగారి ముందు మొగుణ్ణి 'మీరు' అనడం తప్పలేదు మరి.

"ఆ నాటకం నాకు మొదటి వారమే తెలుసులే," అంటూ ఆవిడ కిందికి దిగిపోయింది.

అతనిది తక్కెడలు, కాటాలు బాగుచేసే పని. మిద్దె మీదే టీ తాగుతూ ఆమె ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపిస్తుంటే అడిగాడు: "ఖాళీ పళ్ళెం చూశారా?"

"అంటే?"

"బాగుచేసిన తక్కెడని ముందు ఖాళీగా నిలబెడతాం. ఏమీ పెట్టకుండానే ఒరిగితే తప్పు సరుకుది కాదు, తక్కెడది."

"చూడకుండా ఉంటామా? ఏదీ తప్పించుకునే వీల్లేని గుద్దుళ్ళు తీసుకుని చూశాం. రెండు వైపులా సరిసమానం."

"ఎప్పుడు?"

"వేసవిలో..." అని ఆగిపోయింది.

వేసవి తర్వాతే కదా, ఎగిరే ముక్కల్ని పట్టే డిటెక్టర్లో పాడైన ఒక మూలని పక్కనబెట్టి లెక్కంతా మళ్ళీ నడిపారు! ఆ మూలకి వెళ్ళినవన్నీ ఇప్పుడు 'కనపడనివే'. కమిటీకిచ్చిన నివేదికలో మాత్రం పాత పరీక్షే ఉంది. అతికించింది తనే.

చెబితే తాళం తీయడం ఆగిపోవచ్చు. మళ్ళీ కమిటీ, మళ్ళీ నెలలు.

"రేపు తెరిచి, తర్వాత చూసుకోకూడదా?" అన్నాడు, ఆమె మొహం చూడలేక.

"సరుకు తూచి ఇచ్చేశాక తక్కెడ సరిచేస్తావా నువ్వు?"

అతను ఫోను తెచ్చి చేతికిచ్చాడు.

వాళ్ళ బృందం పెద్దాయన్ని అందరూ 'నిదానం గారు' అంటారు. ఆయనకి ఫోను చేసి అంతా చెబుతూ ఆమె మొగుడి తడి చొక్కా అంచుని గుప్పిట్లో బిగించింది.

"పరీక్ష మళ్ళీ నడపడానికి ఎంతసేపు?"

"ఎనిమిది గంటలు సార్."

"ఎవరు పట్టుకున్నారు ఇది?"

"మా ఆయన. తక్కెడలు బాగుచేస్తారు."

"ముందే తీసుకురావాల్సిందమ్మా ఆయన్ని," అని నవ్వి, ఏం చేయాలో చెప్పాడు.

ఫోను పెట్టేసి ఆమె మెట్ల మీంచి వంగి అరిచింది: "అత్తయ్యా! పొద్దున ఏడింటికల్లా వెళ్ళి ముందు ఖాళీ పళ్ళెం పరీక్ష మొదలుపెడతాం. ఒరిగితే మళ్ళీ కమిటీకి. నిలబడితే సాయంత్రం అయిదింటికి తాళం తీస్తాం. మీరూ, మీ అబ్బాయీ రావాలి!"