సముద్రం ఇవతల

కృష్ణస్వామి పేపరు చదివే తీరే వేరు. ఊళ్లో అందరూ మొదటి పేజీ ఒకసారి చూసి, జిల్లా పేజీలో ఎవరు పోయారో చూసుకుని, సినిమా బొమ్మలు తిరగేసి మడిచి పెడతారు. ఆయన అట్లా కాదు. పొద్దుటి ఆరాధన ముగించి, గుడి మంటపంలో చాప వేసుకుని నేరుగా విదేశాల పేజీ తీసేవాడు. ఏ దేశంలో ప్రభుత్వం పడిపోయిందో, ఎవరు ఎవరికి గోధుమలు ఆపారో ఆయనకు కావాలి. పాకాలకు ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊళ్లో వేణుగోపాలస్వామికి అర్చన చేసుకునే మనిషికి ఆ గొడవంతా ఎందుకయ్యా అంటే నవ్వి పేజీ తిప్పేవాడు. కుర్రకారు ఆయనకు ప్రపంచాలయ్య అని పేరు పెట్టారు. పెడితే పెట్టనీ అని ఊరుకున్నాడు.

ఆ పేపరు పక్కనే కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నవాడు కొడుకు పద్మనాభ్. అట్లాంటివాడు పెద్దయ్యాక ఇంజనీరింగు చదవమంటే చదువుతాడా? తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో అంతర్జాతీయ సంబంధాల డిగ్రీలో చేరాడు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "అది చదివితే యాడిస్తారప్పా ఉద్యోగం?" అని పెళ్లిళ్లలో, తద్దినాల్లో అడిగి అడిగి అలిసిపోయారు. కృష్ణస్వామి మాత్రం లోపల పొంగిపోయాడు. తాను మంటపం దాటి పోలేదు, వాడైనా పోతాడు అనుకున్నాడు.

వాడు మంచి పిల్లవాడు, ఆ మాట చెప్పి తీరాలి. పొద్దున తండ్రి పక్కన నిలబడి స్వామికి తిరుమంజన స్నానం చేయించి, తడి పంచె ఆరవేసి, ప్యాంటు తొడుక్కుని తిరుపతి రైలెక్కేవాడు. దద్ధ్యోదనం కలుపుతూ ఫ్రెంచి పాఠాలు వల్లె వేసేవాడు. మంత్రాల మధ్యలో ఆ భాషేమిటి, స్వామికి కోపం రాదా అని తల్లి రంగనాయకమ్మ భయం. "స్వామికి రాని భాషంటూ ఉండాదా అమ్మా?" అని నవ్వేవాడు.

నిజానికి కొడుకు పక్కన నిలబడడం ఊరికే కాదు, అవసరం కొద్దీ. ఏడాదిగా కృష్ణస్వామి కుడిచెయ్యి వణుకుతోంది. వేలూరు పోయి చూపించుకున్నా, ఇది తగ్గే జబ్బు కాదన్నారు. హారతి పళ్లెం ఎత్తితే కర్పూరం మంట అటూ ఇటూ ఊగేది. అందుకని పద్మనాభ్ కింద నుంచి తన చెయ్యి ఆనించేవాడు. చూసేవాళ్లకు తండ్రీకొడుకులు కలిసి హారతి ఇస్తున్నట్టుండేది. తర్వాత తీర్థం ఇచ్చేటప్పుడు కృష్ణస్వామి పాత అలవాటు కొద్దీ "జరగండమ్మా, జరగండి, ఎనకాల వాళ్లుండారు" అనేవాడు. వెనకాల ఎవరూ లేకపోయినా అనేవాడు. ఆయన తండ్రి కూడా అట్లాగే అనేవాడట.

ఆ డిగ్రీ చేతికి రావాలంటే పరీక్షలు రాస్తే చాలదు. ప్రపంచ చరిత్ర, అర్థశాస్త్రం, దేశాల మధ్య చట్టాలు అన్నీ గట్టెక్కాలి. ఒక పరాయి భాష నేర్చుకోవాలి. ఆఖరి సంవత్సరం పెద్ద పరిశోధన వ్యాసం రాయాలి. ఇవన్నీ వాడికి లెక్కలోవి కావు. మిగిలింది ఒక్కటే, అదే గొంతులో ముల్లయింది. ఒక నెల రోజులు పరాయి దేశంలో, అక్కడి విశ్వవిద్యాలయంలో ఉండి చదివి రావాలి. ఆ కాలేజీకి ఒప్పందం ఉన్నది కొలంబోలో.

కొలంబో అంటే సముద్రం దాటాలి. ఆ ఇంటి ఆచారం ఒకటుంది. స్వామిని ముట్టి అర్చించే చెయ్యి సముద్రం దాటకూడదు. దాటితే ఇంక గర్భగుడి గడప ఇవతలే బతుకు. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఒకాయన రంగూన్ పోయి వచ్చాడట. వచ్చినవాడు చచ్చేదాకా ధ్వజస్తంభం దగ్గరే నిలబడి దండం పెట్టుకున్నాడట. రంగూన్ తాత కథ ఆ ఇంట్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

"రాములవారు పోలేదా లంకకు?" అంది రంగనాయకమ్మ.

"రాములవారు అర్చకుడు కాదే పిచ్చిదానా."

"విమానంలో పోతే నీళ్లు తగలవు కదా!"

"దాటేది దాటేదే."

పద్మనాభ్ తెలివైనవాడు కాబట్టి ఇంకో దారి వెతికాడు. నేపాల్ కూడా పరాయి దేశమే, రైల్లో, బస్సులో పోవచ్చు, దారిలో చుక్క సముద్రం లేదు. కృష్ణస్వామి పసిపిల్లవాడిలా సంబరపడి, కాట్మండు చలికి ఉన్ని దుప్పటి కూడా బయటికి తీసి ఎండలో వేశాడు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు. కాలేజీలో కల్యాణవల్లి మేడం వాడి కోసం చాలానే తిరిగింది పాపం. "ఒప్పందం లేని చోటికి పంపితే లెక్కలోకి రాదు పద్మనాభ్. పోకపోతే మామూలు బి.ఏ. ఇచ్చి పంపేస్తారు. నీ సబ్జెక్టు పేరు కూడా ఉండదు దాని మీద. ఢిల్లీలో పై చదువుకు అది పనికిరాదు" అని చెప్పింది.

వాడు ఇంటికొచ్చి "వద్దులే నాయనా, మామూలుదే చాలు" అన్నాడు. అరిచి గోల చేసి ఉంటే కృష్ణస్వామికి ఇంత బాధ ఉండేది కాదు. వాడు పేపరు ముట్టుకోవడం మానేశాడు. మంటపంలో పేపరు మడత విప్పకుండా పడి ఉండేది. ఫ్రెంచి వినపడలేదు. హారతి దగ్గర మాత్రం చెయ్యి ఎప్పటిలాగే కింద ఆనేది.

ఆ చెయ్యి తగిలినప్పుడల్లా కృష్ణస్వామికి ప్రాణం చివుక్కుమనేది. నా చెయ్యి వణికినందుకు వీడి కాళ్లు కట్టేశానే అనుకునేవాడు. పోనీ వాణ్ని పంపేస్తే? తిరిగొచ్చాక వాడు లోపలికి రాకూడదు, తాను ఒంటిగా చేయలేడు. అర్చకత్వం దాయాది చేతికి పోతుంది. చిన్నాయన కొడుకు పరాశర్ పాకాలలో ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్నాడు, అన్నీ నేర్చినవాడే, ఇద్దరు మగపిల్లలు. చెడ్డవాడు కాదు. కానీ ఆ పళ్లెం వాడి చేతిలో ఊహించుకోలేకపోయేవాడు కృష్ణస్వామి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ గడప లోపలే నిలబడ్డాడు. బయటి నుంచి స్వామి ఎట్లా కనపడతాడో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు.

అయినా ఒకరోజు మనసు రాయి చేసుకున్నాడు. తిరుపతి పోయి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే కొడుకును పిలిచాడు.

"రంగనాథం తాతనడిగినానురా. ప్రాయశ్చిత్తం ఉండాదంట. తిరిగొచ్చినాక పుష్కరిణిలో స్నానం, ఒక హోమం. అంతే! మళ్లీ లోపలికి రావచ్చు."

రంగనాథం అంటే తిరుపతిలో ఉండే, వాళ్ల వంశంలో ఆగమశాస్త్రమంతా నాలుక మీద ఉన్న పెద్దాయన. ఆయన మాటకు తిరుగులేదు. పద్మనాభ్ తండ్రి ముఖంలోకి చూశాడు. "నిజంగానా నాయనా?"

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పినానా?"

చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు. కృష్ణస్వామి తిరుపతి పోయి గోవిందరాజస్వామి గుడిలో కాసేపు కూర్చుని వచ్చాడే గానీ, రంగనాథం గడప తొక్కలేదు. తొక్కితే ఆయన ఏమంటాడో ముందే తెలుసు.

ఇంట్లో మళ్లీ ఫ్రెంచి వినపడింది. రంగనాయకమ్మ పులిహోరలోకి పులియోగరె పొడి కొట్టింది. నెల రోజులు పరాశర్ సాయం వస్తాడని అందరికీ చెప్పారు. ప్రయాణం రోజు తెల్లవారగానే కొడుకును పాకాలలో రైలెక్కించాడు కృష్ణస్వామి. కాట్పాడిలో దిగి ఇంకో రైలు పట్టుకుని మద్రాసు పోవాలి, మధ్యాహ్నం విమానం. రైలు కదులుతుంటే వాడు కిటికీలోంచి చెయ్యి చాచాడు. "చెయ్యి జాగ్రత్త నాయనా, పళ్లెం పరాశర్ చిన్నాయనకియ్యి" అన్నాడు.

"ఇస్తాలేరా" అన్నాడు కృష్ణస్వామి.

ఆయన ఇంటికి పోలేదు, నేరుగా గుడికి పోయాడు. ఊరి పెద్దలను, పరాశర్‌ను ముందే రమ్మన్నాడు. ఎందుకో భార్యకు కూడా అక్కడికి వచ్చేదాకా తెలియదు. కొడుకు మనసు మెత్తన, ఎప్పుడైనా వెనక్కి తిరగగలడు. తిరగడానికి ఇక్కడ ఏమీ మిగలకూడదు. అదీ ఆయన తొందర. స్వామి ఎదుట కూర్చుని, తులసిదళంతో నీళ్లు పరాశర్ చేతిలో ధార పోశాడు. అర్చకత్వం నీకూ, నీ పిల్లలకూ అన్నాడు. చెయ్యి వణికి సగం నీళ్లు నేలమీద పడ్డాయి. పరాశర్ ముఖం పాలిపోయింది. "ఇంత తొందరేముండాదన్నా? వాడు వచ్చినాక చూద్దాం కదా" అన్నాడు. ఊరి పెద్ద మునికుమార్ కూడా అదే అన్నాడు. కృష్ణస్వామి వినలేదు. రంగనాయకమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని స్తంభం పక్కన కూలబడింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కృష్ణస్వామి గుడి బయటికి వచ్చాడు. చేతులు ఊరికే వేలాడుతున్నాయి. కొళాయి దగ్గర ఎవరో కాళ్లు కడుక్కుంటున్నారు. పక్కన కొత్త సూట్‌కేసు.

"నేను పోలేదు నాయనా" అన్నాడు పద్మనాభ్. వాడి ముఖంలో అలసట ఉంది, దానితోపాటు ఏదో తేలిక కూడా ఉంది. "కాట్పాడిలో దిగి, రంగనాథం తాతకు ఫోను చేసినా."

ఎందుకు చేయడు? పెద్దవాళ్ల ఆశీర్వాదం లేకుండా ఆ ఇంట్లో ఎవరూ పొలిమేర దాటరు. అది నేర్పింది కృష్ణస్వామే. అబద్ధమాడడం రానివాడు అబద్ధమాడితే ఇట్లాగే ఉంటుంది. పోయిపోయి ఆయన పేరే చెప్పాలా!

"యాడిదిరా ప్రాయశ్చిత్తం, మీ నాయన నన్నడగనే లేదే అన్నాడు తాత. స్నానం చేస్తే మనిషి శుద్ధి అయితాడు గానీ, స్వామిని ముట్టేది మాత్రం ఇంకుండదు, తెలిసే పోతాండావనుకున్నానే అన్నాడు." వాడు చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నీకు ఫోను చేస్తే నువ్వెత్తలేదు. నాకు ఆ డిగ్రీ లేకపోతే ఏం నాయనా? మామూలుదే చాలు. నువ్వు గడప బయట నిలబడితే నేను సూడలేను."

కృష్ణస్వామి పిచ్చివాడిలా కేకలేశాడు. "పోరా! కారు మాట్లాడతా! ఇంకా టైముండాది, పోరా!"

"కారులో పోయినా అందదు నాయనా, విమానం ఎగిరిపోతాది. మేడంకి కూడా చెప్పేసినా, నా పేరు తీసేయమని."

అప్పుడు గుడిలోంచి పరాశర్ వచ్చాడు, మెడలో కొత్త పట్టు ఉత్తరీయంతో. పద్మనాభ్ ఆ ఉత్తరీయం చూశాడు. తండ్రి ఖాళీ చేతులు చూశాడు. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. కొళాయి నీళ్లు పారుతూనే ఉంటే ఎవరో వచ్చి కట్టేసి పోయారు.

కృష్ణస్వామి జన్మలో ఎవరినీ ఏమీ అడిగినవాడు కాదు. ఆ పూట దాయాది ముందు నిలబడ్డాడు. "పరాశరా... వాడు పోలేదురా" అన్నాడు.

పరాశర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేం చేసేదన్నా? స్వామి ముందర నీళ్లు పోసినావు. నేను ఎనక్కిస్తే నాకు పాపం, పుచ్చుకుంటే నీకు పాపం. ఊరంతా చూసినారు. తొందరేముండాదని నేను అననే అంటిని" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మునికుమార్ తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టలేదు. తండ్రి మీద కొడుకుకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. కొడుకు మీద తండ్రికి కోపం వచ్చినా బాగుండేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. సూట్‌కేసులో ఉన్న పులియోగరె పొడి వాసన ఇల్లంతా కమ్ముకుంది.

సాయంత్రం గంట మోగింది. కాళ్లు తమంతట తామే గుడికి నడిచాయి. ఊరివాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. కృష్ణస్వామి గడప దాకా పోయి అక్కడ ఆగాడు. ఇక్కడి నుంచి స్వామి ఇంత చిన్నగా, ఇంత దూరంగా ఉంటాడా! పిల్లనగ్రోవి సరిగా కనపడనే లేదు. హారతి ఇచ్చాడు పరాశర్. మంట ఊగలేదు, నిలకడగా వెలిగింది.

తర్వాత తీర్థం. వరుసలో కృష్ణస్వామి, వెనక పద్మనాభ్. ఆయన దోసిలి పట్టాడు. చెయ్యి వణికి తీర్థం వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. వెంటనే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి, అలవాటుగా, ఆ చేతి కింద ఆనింది. పరాశర్ తల ఎత్తకుండా ఇంకో ఉద్ధరిణెడు పోశాడు. పోస్తూ, ఆ గుడిలో తీర్థమిచ్చేవాళ్లందరూ అనే మాటే అన్నాడు.

"జరగండి, జరగండి, ఎనకాల వాళ్లుండారు."

అన్నాక ఎవరిని అన్నాడో చూసుకుని నాలుక కరుచుకున్నాడు. కృష్ణస్వామి అప్పటికే జరిగాడు.