మొహమాటానికి పోయిన కోటు

చచ్చిపోయినవాళ్ళ బట్టలు డబ్బిచ్చి కొనుక్కోవడమేమిటని మొదట్లో అందరికంటే ఎక్కువ గోల పెట్టింది కృష్ణకుమారే. గుడివాడలో చీర పాతబడితే స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె తీసుకునేవారు. అంతేగాని ఎవరో విడిచిన గుడ్డ ఏరి ఇంటికి తెచ్చుకోవడం ఆమె ఎరగదు. అలాంటిది అమెరికాలో, షామ్‌బర్గ్‌లో కొడుకు దగ్గరికి వచ్చేశాక, మనవరాలు హంసిక ఒక శనివారం ఆమెను ఎస్టేట్ సేల్‌కి లాక్కుపోయింది. ఎవరో ముసలావిడ పోతే, ఆ ఇంట్లో చెంచా మొదలు మంచం దాకా అన్నిటికీ ధరల చీటీలు కట్టి అమ్మేస్తున్నారు. కృష్ణకుమారి గుమ్మంలోనే ఆగిపోయి, "ఇంటికెళ్ళగానే తలస్నానం చెయ్యాలి" అంది. లోపలికెళ్ళాక ఊరికే ఉండలేక ఒక ఉన్ని జాకెట్ తిరగేసి చూసింది. లైనింగ్ అంతా చేత్తో కుట్టి ఉంది. ఒక్క కుట్టు వంకర పోలేదు.

"ఎవరు తల్లీ నువ్వు!" అంది, ఆ కుట్టుని వేలితో తడుముతూ.

అంతే, ఆ రోజుతో పిచ్చి పట్టుకుంది. శనివారం వచ్చిందంటే మనవరాలికంటే ముందు లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, కారు దగ్గర నిలబడేది. పైరంగు చూసి మురిసిపోయే రకం కాదు. ముందు బట్టని లోపలికి తిప్పాల్సిందే. అతుకు దగ్గర బట్ట దండిగా వదిలారా, జేబు మీది గళ్ళు కోటు మీది గళ్ళతో కలిశాయా, గుండీ కింద దారం కాడలా చుట్టారా? ఈ కాలపు బట్టలు చూస్తే ఆమెకి జాలి. రెండుసార్లు ఉతికితే వాటి పక్క కుట్టు నవ్వుతుంది. ఆ ముసలమ్మల బట్టలు మాత్రం యాభై ఏళ్ళ తర్వాత కూడా పెదవి విప్పవు.

కొడుకు శ్యామ్‌సుందర్ తల పట్టుకునేవాడు. "ఇన్నేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసి నీ చేత చచ్చినోళ్ళ కోట్లు ఏరిస్తున్నానని ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారమ్మా?"

"ఊళ్ళో ఎవరున్నార్రా అనుకోడానికి? సగంమంది ఈ వీధిలోనే ఉన్నారు" అనేది కృష్ణకుమారి.

ఆ సరదాకి ఇప్పుడు గడువొచ్చింది. హంసికకి మినియాపొలిస్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారం పొద్దున్నే ప్రయాణం. ఈ సెప్టెంబరులోనే కృష్ణకుమారి ఫోన్‌లో ఆ ఊరి జనవరి చలి ఎంతో చూసుకుని, దుప్పటి మెడదాకా లాక్కుంది. ఎవరు ఊరికి బయల్దేరుతున్నా ఆమెకి చేతులు నిలవవు. ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపితే మళ్ళీ చూస్తానో లేదోనని గుండె పీకుతుంది. ఈ పిల్లకి మాత్రం పచ్చళ్ళు, పొడులు చాలవు. తన చేత్తో వెతికిన కోటు వేసి పంపాలి. ఇన్నాళ్ళూ ఆమె ఏరినవాటిలో ఒకదానికి చేతులు పొట్టి, ఒకదానికి చిమ్మటలు. హంసికకి సరిపడినవన్నీ హంసికే వెతుక్కుంది. ఇక మిగిలింది ఈ ఒక్క శనివారం.

ఈసారి సేల్ పక్క ఊరు ఆర్లింగ్టన్ హైట్స్‌లో, ఒక ఇటుకల ఇంట్లో. హంసిక గరాజ్‌లో బూట్లు చూస్తానని అటు పోయింది. కృష్ణకుమారి తిన్నగా మేడ మీది అల్మరాకి నడిచింది. నైలాన్ గౌన్ల వెనక, గోడకి ఆనుకుని దొరికింది అది. ముదురు ఆకుపచ్చ ఉన్ని కోటు, మెడ దగ్గర నల్ల వెల్వెట్. బరువు చేతికి ఆనింది. లోపలికి తిప్పింది. రాగిరంగు పట్టు లైనింగ్, చేతికుట్టు, ఎడమవైపు ఎవరికీ కనపడని చిన్న జేబు. గుండీలన్నీ ఉన్నాయి. చిమ్మట కొట్టలేదు. చేతులు హంసిక మణికట్టు దాకా వస్తాయి.

పక్కనే టోపీలు చూస్తున్న తెల్లావిడ, ఇంచుమించు తన ఈడుదే, అబ్బురంగా ఆగిపోయింది. "ఓ మై! వాట్ ఎ బ్యూటిఫుల్ కోట్!"

ఎదుటివాళ్ళు మన వస్తువు మెచ్చుకుంటే "కావాలంటే మీరు తీసుకోండి" అనాలి. వాళ్ళు "అయ్యో, వద్దండీ" అనాలి. మనం మళ్ళీ "పర్లేదు, తీసుకోండి" అనాలి. వాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని "నాకెందుకండీ, మీకే బావుంటుంది" అనాలి. అక్కడితో ఇద్దరూ మర్యాదస్థులని తేలిపోతుంది, వస్తువు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది. డెబ్భై ఏళ్ళుగా కృష్ణకుమారి నోటికి ఇదే అలవాటు.

"ప్లీజ్, యూ టేక్" అంది.

"ఓ నో, ఐ కుడ్‌న్ట్!"

చూశావా, అచ్చం మనవాళ్ళలాగే ఎంత మర్యాద అని ముచ్చటపడి, కృష్ణకుమారి కోటుని ముందుకు చాచింది. "నో, నో. టేక్, టేక్."

"రియల్లీ? యూ ఆర్ సో స్వీట్!" అంటూ ఆవిడ కోటు తీసుకుని, చేతిమీద వేసుకుని, మెట్లు దిగిపోయింది.

ఎస్టేట్ సేల్‌లో చేతిలో ఉన్నంతసేపే మనది. వదిలితే పరాయిది. కృష్ణకుమారి ఖాళీ చేతులు చాచుకునే ఉండగా హంసిక వచ్చింది.

"నాన్నమ్మా, ఏమైనా దొరికిందా?"

"దొరికింది. ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఆవిడకి. మెచ్చుకుంది."

"మెచ్చుకుంటే ఇచ్చేస్తావా?"

"అనాలి కదే! ఆవిడ రెండోసారీ వద్దనాలి. అన్లేదు."

"ఆమెకి మన రూల్స్ తెలీవు నాన్నమ్మా! నేను వెళ్ళి అడుగుతా."

"చాల్లే! ఇచ్చిన నోటితో తిరిగి అడుగుతామా? సిగ్గు లేకపోతే సరి."

సిగ్గుంది గనక అడగలేదు. వెంటపడటానికి సిగ్గు అడ్డం రాలేదు. ఆ ఇంట్లో ఆవిడ ఏ గదికి వెళ్తే కృష్ణకుమారీ ఆ గదికే. వంటింట్లో పక్కన చేరి, కోటు వైపు వేలు చూపించి, "ఓల్డ్ కోట్. ఇన్‌సెక్ట్స్" అంది, మొహం వికారంగా పెట్టి. ఆవిడ నవ్వి, ఇంట్లో దేవదారు చెక్క పెట్టె ఉందని, పురుగుల భయం లేదని చెప్పింది. హాల్లో పట్టుకుని, "వెరీ హెవీ. షోల్డర్ పెయిన్" అంది. ఆవిడ జాలిపడి కృష్ణకుమారి భుజం నిమిరింది.

"నాన్నమ్మా, ఆ రంగు ఆమెకి బాలేదని నన్ను చెప్పమంటున్నావా? ఐ విల్ నాట్" అంది హంసిక, నవ్వాపుకోలేక.

ఆవిడ డబ్బులు కట్టే బల్ల దగ్గర వరసలో నిలబడింది. ముందున్న మనిషి ఒక దీపపు స్టాండుకి డబ్బిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ పర్సు తెరిచింది. రైలు కదిలాక గుర్తొచ్చిన మాటలు కృష్ణకుమారి దగ్గర బోలెడన్ని ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద నోట్లోనే ఉండిపోయినవి, మొగుడి మంచం పక్కన రేపు చెప్పొచ్చులే అనుకున్నవి. వాటన్నిటినీ తోసుకుంటూ ఇది ఒక్కటి బయటపడింది.

"ఐ వాంట్!"

ఎంత గట్టిగా వచ్చిందంటే గరాజ్‌లో వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఐ వాంట్ ద కోట్. ఐ సెడ్ టేక్. ఐ డిడ్‌న్ట్ మీన్. సారీ. ఐ వాంట్!"

ఆవిడ పర్సు మూసింది. తర్వాత బల్ల పట్టుకుని వంగి నవ్వింది. ఆవిడ పేరు లొరెయిన్. పుట్టి పెరిగింది విస్కాన్సిన్‌లో పాడిపశువుల మధ్య. ఎవరైనా ప్రేమగా ఒకటి ఇస్తే ఒక్కసారి వద్దని, ఇంకా బలవంతం చేస్తే తీసుకోవాలట, లేకపోతే ఇచ్చినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందట. వాళ్ళమ్మ అలాగే పెంచిందట. కోటు ఆవిడకి గుండీ కూడా పట్టదు. "ఇంత ముచ్చటపడి ఇచ్చారు, వెనక్కి పెడితే బాధపడతారని కొంటున్నాను. మీరేమో వదలకుండా వెంటే వస్తున్నారు. నిజంగా కొంటానో లేదో చూడ్డానికనుకున్నాను!"

హంసిక అక్కడే నేల మీద కూలబడి నవ్వుతోంది. లొరెయిన్ కోటుని చాచి, "ఆర్ యూ ష్యూర్?" అంది.

కృష్ణకుమారి నాలుక తన పనికి తాను బయల్దేరింది. "నో, నో, ఇఫ్ యూ..."

"నాన్నమ్మా!"

"యెస్" అంది కృష్ణకుమారి, రెండు చేతులతో లాక్కుని. "యెస్, యెస్."

డబ్బు కట్టి కారెక్కాక కూడా హంసిక కోటు విప్పలేదు. ఏసీ పెద్దది చేసి, వెల్వెట్ కాలర్ పైకి లేపి, గుండీలన్నీ పెట్టుకుని నడుపుతోంది. చేతులు సరిగ్గా మణికట్టు దాకా వచ్చాయి.

"నువ్వు 'ఐ వాంట్' అనడం ఫస్ట్ టైం విన్నాను" అంది. "ఇంకేం కావాలి? చెప్పు. టుడే ఓన్లీ ఆఫర్."

కృష్ణకుమారి చెయ్యి చాచి ఆ కాలర్ సర్దింది. "ఆ ఊళ్ళో కూడా శనివారాలు సేల్స్ ఉంటాయా?"

"పీపుల్ డై ఎవ్రీవేర్, నాన్నమ్మా."

"నోరు మంచిది కాదే నీది! సరే విను. సేల్‌కి వెళ్ళినప్పుడు ఫోన్‌లో నన్నూ తీసుకెళ్ళు. వీడియోలో. పైపైన చూపిస్తే ఊరుకోను, లోపలికి తిప్పి చూపించాలి."

"ప్రతి శనివారమా?"

'నీకు వీలైతేనేలే, పనుంటే వద్దు' అన్న మాట గొంతుదాకా వచ్చింది. కృష్ణకుమారి దాన్ని మింగింది.

"ప్రతి శనివారం" అంది. "ఏడింటికల్లా."

"ఏడింటికా! అంత పొద్దున్నే ఎవరు లేస్తారు?"

"నేను ఐదింటికే లేచి కూర్చుంటాను" అంది కృష్ణకుమారి. "నువ్వు లే."