గురువారం నాటి రొట్టె

ఫొటోలు తీసేవాళ్ళందరినీ యూదుల సంఘం వారపత్రిక సంపాదకుడు గిడియన్ ఒకటే అడిగాడు. ఇన్నేళ్ళుగా మన ఇళ్ళల్లో, మన పండుగల్లో తీసినవాటిలో మీకు బాగా ఇష్టమైన బొమ్మ ఒకటివ్వమన్నాడు. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళు, పసిపిల్లల నామకరణాలు పంపారు. పెర్లా ఏమీ పంపలేదు. ఆమె భర్త ఆందోర్ చలికాలం మొదట్లో పోయాడు. అప్పటినుంచీ ఏది ఇష్టమో ఏది కాదో ఆమెకు తెలియడం లేదు. ఒత్తిగిలి పడుకుంటే కింద నలిగిన చెయ్యిలా ఒళ్ళంతా తిమ్మిరెక్కి ఉంది.

"నీ బొమ్మ నేనే ఎంచాను పెర్లా," అన్నాడు గిడియన్ ఫోన్లో. "ఆందోర్ ద్రాక్షారసం గిన్నె ఎత్తి నవ్వుతున్నది. కింద 'సబ్బాతు రాత్రి, మా ఇంట్లో' అని వేస్తాను."

"అది గురువారం తీసింది."

"అన్నీ గురువారానివే కదమ్మా! శుక్రవారం పొద్దు వాలి సబ్బాతు వచ్చాక ఏ పనీ చెయ్యకూడదాయె, కెమెరా ముట్టేదెవరు?"

నిజమే. ఒకరోజు ముందే దీపాలు వెలిగించి, జడలా అల్లిన రొట్టెల మీద గుడ్డ కప్పి, సబ్బాతు వచ్చినట్టే కూర్చోబెట్టి తీయడం వాళ్ళ పనిలో మామూలే. ఆ వారం వస్తామన్న కుటుంబంలో పిల్లలకు జ్వరాలొచ్చాయి. పెర్లా మొగుణ్ణే లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. కాకపోతే అలా ఫొటో దిగిన మిగతావాళ్ళు మర్నాడు నిజంగా గిన్నె ఎత్తి ప్రార్థన చేస్తారు. ఆందోర్ శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆటకు పోయేవాడు. కాపురం మొత్తంలో గిన్నె ఎత్తింది ఆ ఒక్కసారే.

"ఇంకోటి," అన్నాడు గిడియన్. "గుడ్డ తొలిగి రొట్టె చివర తుంచేసి కనిపిస్తోంది. ప్రార్థన కాకముందే తిన్నదెవడని రబ్బీ నా ప్రాణం తీస్తాడు. కింద కత్తిరించెయ్."

పెర్లా కత్తిరించింది.

సాయంత్రం కార్లైల్ వీధిలోని అత్తగారింటికి వెళ్ళింది. ఇబోయా గుమ్మంలోనే పట్టుకుంది.

"మావాడు గిన్నె ఎత్తాడటగా? గిడియన్ చెప్పాడు. పేపర్లో పడనీ, మా క్లబ్బులోని ఆ రోజి నోటికి తాళం పడుతుంది. నా కొడుకు దేవుడి మొహం చూడలేదని క్లబ్బంతా చాటిందిగా!"

కాదని ముసలామెకు ఎలా చెప్పడం? అవునంటే, మొగుడిది మిగిలిన ఒక్క మంచి బొమ్మా అబద్ధమవుతుంది. పెర్లా కత్తిరించిన బొమ్మ బల్లమీద పెట్టింది.

ఇబోయా కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది. ఎవరీయన?"

"అదేంటి అత్తయ్యా!"

"మొహం మావాడిదే. ఇంత బుద్ధిగా వాడెప్పుడు కూర్చున్నాడే?"

పెర్లా సంచిలోంచి పూర్తి బొమ్మ తీసిచ్చింది. ఇబోయా వేలు నేరుగా రొట్టె మీదికి పోయింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"దొంగవెధవ! చిన్నప్పుడూ ఇంతే, గుడ్డ కింద ఎలకలా. ఇది గురువారమే కదూ?"

"అవునత్తయ్యా."

"అనుకున్నాలే. శుక్రవారమైతే నువ్వు ఫొటో తీసేదానివీ కాదు, వాడు ఇంట్లో ఉండేవాడూ కాదు."

"మరి రోజి?"

"దాని మొగుడు వారం వారం గిన్నె ఎత్తాడు, ఒక్కనాడు నవ్విన పాపాన పోలేదు. ఇదే వెయ్యమను. ఉన్నదున్నట్టు."

అక్కణ్ణుంచే గిడియన్‌కు పూర్తి బొమ్మ పంపింది పెర్లా. కింద తనే రాసింది: 'గురువారం మధ్యాహ్నం. ఆందోర్ ఆగలేకపోయాడు.' నవ్వొస్తుందేమోనని చూసింది. రాలేదు.

మర్నాడు శుక్రవారం పొద్దు వాలేవేళ ఇబోయా దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పెర్లా గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి రొట్టె చివర తుంచి నోట్లో వేసుకుంది. రుచి తెలియలేదు. ఇంకో ముక్క తుంచింది.

ప్రార్థన అయిపోయింది. ఇబోయా ఇంకా కళ్ళ మీంచి చేతులు తీయలేదు.

"నాకూ ఓ ముక్క పెట్టవే," అంది.